మనసు నలిగినవారికి అండగా

సకల స్తుతులకు అర్హుడైన అల్లాహ్‌ను కీర్తిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు కురియాలని వేడుకుంటున్నాము.

 

మదీనా నగరంలో ఒక స్త్రీ ఉండేది. ఆమె బుద్ధిలో కొంత లోపం ఉండేదని మాత్రమే హజ్రత్ అనస్ (ర) చెప్పారు. ఆమె పేరేమిటో, ఏ కుటుంబానికి చెందినదో చెప్పలేదు. ఒకరోజు ఆమె దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మీతో నాకు పని ఉంది అన్నది. ఆయన ఆమెను ఫలానావాని తల్లీ అని గౌరవంగా సంబోధించారు. నగరంలో ఏ వీధి నీకు అనుకూలమో నీవే చూసుకో, నీ పని తీరేవరకు అక్కడికి వస్తాను అన్నారు. అన్నట్టే ఆమెతోపాటు వెళ్లి, దారి పక్కన నిలబడి, ఆమె చెప్పదలచినదంతా చెప్పి ముగించేవరకు విన్నారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో నమోదై ఉంది.

ఈ చిన్న ఉల్లేఖనంలో గమనించవలసిన విషయాలు ఎన్నో ఉన్నాయి. ఒక రాజ్యాన్ని నడుపుతున్న మహనీయుని సమయాన్ని ఆమె కోరింది. ఆమె బంధువులను పిలిపించి విషయం ఏమిటని ఆయన వారిని అడగలేదు. స్థలాన్ని నిర్ణయించే అధికారం ఆమెకే ఇచ్చారు. ఆ స్థలం నలుగురు నడిచే వీధి గనుక పరస్త్రీతో ఏకాంతం అనే ప్రశ్న రాలేదని, మాట మాత్రం ఇతరుల చెవిన పడలేదని ఇమామ్ నవవీ వంటి వ్యాఖ్యాతలు వివరించారు. అంటే షరీఅత్ హద్దు నిలిచింది, ఆమె గోప్యతా నిలిచింది. నేడు మానసిక వైద్యశాస్త్రం రోగి గౌరవం, రోగి ఇష్టం, రోగి రహస్యం అని మూడు మాటలు బోధిస్తున్నది. ఆ మూడూ మదీనా వీధిలో ఆచరణలో కనిపించాయి.

ఇప్పుడు మన కాలంలో, మన పొరుగున జరిగిన మరొక సంఘటన చూద్దాము. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా సమీపాన మనోవ్యాధిగ్రస్తులను ఉంచే ఒక ప్రైవేటు నివాసంలో మంటలు చెలరేగాయి. అక్కడి రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. కేకలు వినిపించాయి గాని, వారు లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలి వెళ్లినది శత్రువులు కారు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భర్తలు. ప్రేమ లేక వదిలినవారు కొందరుండవచ్చు. ఎక్కువమంది మాత్రం ఎక్కడికి తీసుకువెళ్లాలో తెలియక, ఊళ్లో తలెత్తుకోలేక, స్వస్థత కలుగుతుందన్న ఆశతో వదిలినవారే. వారిలో ముస్లింలూ ఉన్నారు, ఇతర మతస్థులూ ఉన్నారు.

దర్గాల విషయంలో ధర్మపండితుల చర్చ వేరు. దానిని ఈ మింబర్‌పైకి ఈరోజు తీసుకురాదలచుకోలేదు. కాని మనిషిని గొలుసుతో కట్టడం, జిన్ను పట్టిందని కొట్టడం, పొగబెట్టడం, అన్నం మాన్పించడం దైవధర్మంలో ఎక్కడా లేవు. జిన్నుల ఉనికిని మనము విశ్వసిస్తాము. ఖుర్ఆన్ పఠించి ఊదడం, దుఆ చేయడం ప్రవక్త సంప్రదాయమేనని కూడా నమ్ముతాము. అయితే నిద్రపట్టని ప్రతి కోడలికీ, చదువుపై మనసు నిలవని ప్రతి కుర్రవానికీ జిన్నును అంటగట్టే అధికారం ఎవరికీ ఇవ్వబడలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని స్పష్టంగా నిషేధించింది. చట్టం రాకముందే మనము ఆ పని మానవలసింది.

ఈ విషయంలో మంచి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాకు మనోవ్యాధిగ్రస్తులను ఎందరో తీసుకువస్తారు. అక్కడ కొన్నేళ్లుగా దవా, దుఆ అనే కార్యక్రమం నడుస్తున్నది. ముజావర్లకు వ్యాధి లక్షణాలు గుర్తించడం నేర్పారు. తమ వద్దకు వచ్చినవారి కోసం ప్రార్థన చేసి, ఆ ప్రాంగణంలోనే కూర్చున్న మానసిక వైద్యుని వద్దకు వారే పంపుతారు. వైద్యుడు వారి నమ్మకాన్ని ఎగతాళి చేయడు. ముజావరు మందును అడ్డుకోడు. రోగికి ఇద్దరి మధ్య నలిగిపోయే అవస్థ తప్పింది. ఒక దర్గా ప్రాంగణంలో సాధ్యమైనది మన మస్జిదుల్లో ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న మనందరము వేసుకోవలసినది.

సోదరులారా! మనోవ్యాధి కలిగినవానితో మనము తరచుగా అనే మాట ఒకటుంది. నీ ఈమాన్ తగ్గింది, నమాజు పెంచు, అంతా సర్దుకుంటుంది అంటాము. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. వినేవాని చెవిలో మాత్రం అది తీర్పులా పడుతుంది. అప్పటికే రాత్రంతా మేలుకొని తనను తాను నిందించుకుంటున్న మనిషి, ఇప్పుడు అల్లాహ్ కూడా నన్ను వదిలేశాడని అనుకుంటాడు. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుకు దుఃఖించి దుఃఖించి కంటిచూపు పోగొట్టుకున్నారని దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చెబుతున్నది. ఆయన దైవప్రవక్త. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? హజ్రత్ మూసా (అ) మాతృమూర్తి బిడ్డను నదిలో విడిచిన తరువాత ఆమె హృదయం శూన్యమైపోయిందని ఖసస్ సూరాలో ఉంది. దైవప్రవక్త (స) తన పసికందు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు కార్చారు. చింత నుంచి, దుఃఖం నుంచి అల్లాహ్ శరణు వేడుతూ ఆయన తరచుగా దుఆ చేసేవారు. శరణు వేడవలసినంత బలమైనది కనుకనే వేడారు.

దుఃఖంలో ఉన్న ఇంటికి హజ్రత్ ఆయిషా (ర) తల్బీనా వండించి పెట్టించేవారు. అది యవల పిండితో చేసే పలుచని జావ. దానివల్ల రోగి గుండెకు ఊరట కలుగుతుందని, దుఃఖం కొంత తీరుతుందని ప్రవక్త (స) ద్వారా తాము విన్నట్టు ఆమె తెలిపారు. ఓదార్పు ప్రసంగం చేయడానికి ముందు ఒక గిన్నెడు జావ పంపడం ఆ ఇంటి ఆనవాయితీ. మన ఇళ్లలో ఇది ఎంతవరకు మిగిలి ఉందో ఆలోచించండి.

చికిత్స చేయించుకోవాలా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండి, ముసలితనం ఒక్కటి తప్ప అల్లాహ్ మందు లేని వ్యాధిని దించలేదు అన్న భావంలో ప్రవక్త (స) సమాధానమిచ్చారు. శరీరవ్యాధి, మనోవ్యాధి అని అందులో తేడా చూపలేదు. మన పూర్వీకులూ చూపలేదు. బల్ఖ్ ప్రాంతీయుడైన అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్లకు పూర్వమే శరీర ఆరోగ్యం గురించి, మనసు ఆరోగ్యం గురించి ఒకే గ్రంథంలో రెండు భాగాలుగా వ్రాశారు. కోపం, భయం, విచారం, పీడించే ఆలోచనలు అని విడివిడిగా చర్చించారు. డమాస్కస్‌లో 1154లో, కైరోలో 1284లో వెలసిన బీమారిస్తాన్లలో మనోరోగులకు కూడా చోటుండేది. ఈ గతవైభవాన్ని తలచుకొని పొంగిపోవడం మనకు అలవాటే. ఆ వైద్యశాలలు కట్టినవారి వారసులము మన ఇంటి రోగిని వెనుక గదిలో దాచుతున్నాము.

ఇప్పుడు వస్వసా గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది మస్జిదులోనే, మన కళ్లముందే ఉండి, మనకు కనిపించని వ్యాధి.

వుజూ చేసే చోట ఒక యువకుడు అరగంట కూర్చుంటాడు. చేయి కడిగి, తడి తగిలిందో లేదోనని మళ్లీ కడుగుతాడు. నమాజులో తక్బీర్ చెప్పి, నియ్యత్ సరిగా కుదరలేదని తెంచి మళ్లీ మొదలుపెడతాడు. జమాఅత్ ముగిసిపోతుంది. ఇంటికి వెళ్లాక అదే నమాజును నాలుగుసార్లు చదువుతాడు. శీతాకాలంలో అతని చేతులు పగిలి రక్తం వస్తుంది. చూసినవారు ఎంత భక్తుడో అంటారు. అతనికి మాత్రం ప్రతి నమాజు వేళా ఒక శిక్షగా మారుతుంది. చివరకు కొందరు మస్జిదుకు రావడమే మానేస్తారు. అప్పుడు మనము దారి తప్పాడంటాము.

వైద్యులు దీనిని ఒక వ్యాధిగా గుర్తిస్తారు, దీనికి చికిత్స ఉంది. మన ధర్మపండితులు కూడా శతాబ్దాలుగా దీనిని వస్వసా అని గుర్తించి మందు చెప్పారు. వుజూలో అవయవాన్ని మూడుసార్లకు మించి కడగడం హద్దుమీరడమే. అనుమానం వచ్చినా లెక్కచేయక ముందుకు సాగిపోవాలి, తిరిగి చేయరాదు. నేటి మనస్తత్వ నిపుణులు చేసే చికిత్స సారాంశం కూడా ఇంతే. అనుమానం కలిగించే కలవరాన్ని కొంతసేపు భరించడం, కడగాలన్న తొందరకు లొంగకపోవడం, ఆ కలవరం దానంతట అదే దిగిపోవడాన్ని రోగి స్వయంగా అనుభవించడం. ఫిఖ్హ్ గ్రంథమూ, చికిత్సా విధానమూ ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

మరి చిక్కు ఎక్కడ వస్తున్నది? వుజూ గురించి తెలియని నిపుణుడు, నీ మతమే నీ వ్యాధికి మూలం, కొన్నాళ్లు నమాజు మానేయి అంటే రోగి మళ్లీ ఆ గది గుమ్మం తొక్కడు. వ్యాధి గురించి తెలియని ఇమాము, జాగ్రత్తగా ఉండటం మంచిదే బాబూ అంటే రోగం ముదురుతుంది. పైగా రోగి రోజూ అదే సందేహంతో ఇమాము వద్దకు వచ్చి, నా నమాజు చెల్లిందా అని అడుగుతూనే ఉంటాడు. ఇమాము దయతో ప్రతిసారీ చెల్లిందని భరోసా ఇస్తాడు. ఆ భరోసా కూడా మరొక చేతికడుగుడు వంటిదే అవుతుంది. కనుక ఇమాము ఒక్కసారి స్పష్టమైన తీర్పు చెప్పి, ఇక ఈ ప్రశ్నకు నా వద్ద మళ్లీ సమాధానం ఉండదు అని ప్రేమతో ఆపాలి. వైద్యుడు ఆ తీర్పును ఆధారంగా తీసుకొని చికిత్స సాగించాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు, రోగి అనుమతితో, ఒక్కసారైనా మాట్లాడుకోవాలి. సాంస్కృతిక అవగాహన అని పెద్దమాటలో చెప్పేది ఆచరణలో ఇంత చిన్న పని.

వైద్యవృత్తిలో ఉన్న సోదరులు, సోదరీమణులు ఈ సభలో ఉన్నారు. ఈ పుస్తకం ఇతర మతాల వైద్యుల చేతికి కూడా వెళుతుందని ఆశిస్తున్నాము. వారికి మా మనవి ఒకటుంది. ముస్లిం అనగానే ఉర్దూ మాట్లాడతారని ఊహించవద్దు. మనలో నూర్‌బాషీయులు మొదలుకొని లక్షలాదిమంది ఇళ్లలో తెలుగే మాతృభాష. వారు తెలుగులోనే ఏడుస్తారు, తెలుగులోనే కలలు కంటారు. బురఖా చూసి హిందీలో ప్రశ్నలు మొదలుపెడితే, ఆ తల్లి అవునని తల ఊపి, సగం మాట మింగి ఇంటికి వస్తుంది. మరొక ఇంట్లో దక్కనీ తప్ప వేరు భాషలో మనసు విప్పలేని అమ్మమ్మ ఉంటుంది. దిల్ ఘబ్రారా అని ఆమె అంటే అది గుండెజబ్బు కావచ్చు, మనోవేదనా కావచ్చు. గుండెల్లో బరువు, ఒళ్లంతా మంటలు, కడుపులో దేవినట్టుండటం, ఇవన్నీ మన పల్లెల్లో దిగులుకు ఉన్న పేర్లు. భాష ఏదో ముందుగా రోగినే అడగండి. అనువాదకునిగా భర్తనో, అత్తనో కూర్చోబెట్టకండి. ఆమె చెప్పవలసినది వారి గురించే కావచ్చు.

నిపుణుడు ముస్లిమే అయి ఉండాలా అని మనవారు అడుగుతుంటారు. హిజ్రత్ ప్రయాణంలో ప్రవక్త (స)కు, హజ్రత్ అబూబకర్ (ర)కు దారి చూపినవాడు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అతడు అప్పటికి ముస్లిం కాడు. ప్రాణాలకు వెల కట్టిన సమయంలో వారు అతని నేర్పును, నమ్మకస్తుడన్న పేరును చూసి దారి అప్పగించారు. మన భాషలో తొలిసారి ఖుర్ఆన్ అనువాదం చేసినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయన ముస్లిం కారు. మన గ్రంథాన్ని గౌరవంతో అధ్యయనం చేసి మన చేతికి అందించారు. అటువంటి గౌరవంతో మన మనసును అర్థం చేసుకోదలచిన వైద్యుడు ఎవరైనా అతడు మనకు తోడు. అయితే తోడుగా ఉండటం అంటే మన తరఫున తానే మాట్లాడేయడం మాత్రం కాదు. ముస్లిం స్త్రీ అనగానే అణచివేతే కారణమని ముందే తేల్చుకున్న సానుభూతి, సానుభూతి లేకపోవడమంతే బాధ పెడుతుంది. మదీనా వీధిలో ఆ స్త్రీ తన మాట తానే చెప్పుకున్నది.

రమజాన్ విషయం కూడా ఇప్పుడే చెప్పాలి. మందులు వాడేవారు ఉపవాసమాసం రాకముందే వైద్యుని కలవండి. కొన్ని మందుల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు మార్చవచ్చు. కొన్నిటిని మార్చరాదు. లిథియం వాడేవారు రోజంతా నీరు తాగకుంటే రక్తంలో దాని పాళ్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు స్వయంగా అల్లాహ్ ఇచ్చినది. జ్వరం వచ్చినవానికి ఆ మినహాయింపు ఇస్తూ మనోవ్యాధి గలవానికి ఇవ్వకపోతే, అల్లాహ్ పెట్టని షరతును మనము పెట్టినవారమవుతాము. అలాగే దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకు గుణం కనిపించలేదని, లేక రెండు నెలలకు బాగైపోయిందని సొంతంగా మానేయకండి.

బాలింతల సంగతి తల్లులకు చెప్పనక్కరలేదు. నలభై రోజుల్లో కోడలు బిడ్డను ఎత్తుకోవడం లేదంటే, ఊరికే ఏడుస్తున్నదంటే, నజర్ తగిలిందని తాయెత్తు వెతకడానికి ముందు డాక్టరమ్మకు చూపించండి.

వివాహం గురించి కొంత కఠినంగానే చెప్పవలసి ఉంది. పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు అనే మాట మన సమాజంలో ఎన్ని జీవితాలను నాశనం చేసిందో లెక్క లేదు. వ్యాధి ఉన్నవానికి వివాహం చేయడం తప్పు అని మేము అనడం లేదు. చికిత్స పొందుతూ చక్కగా సంసారం చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. దాచి చేయడం తప్పు. సరుకులోని లోపాన్ని కప్పి అమ్మినవాడు మనవాడు కాదన్నట్టు ప్రవక్త (స) ధాన్యపు అంగడిలో హెచ్చరించారు. ధాన్యానికే అంత పట్టింపు ఉంటే, ఒకరి కూతురి జీవితానికి ఎంత ఉండాలి? దాచిన ఇంట్లో కోడలు మందుల సీసా చూసిన రోజున గొడవ అవుతుందని, ఆ గొడవ భయంతో కొడుక్కు మందులే మాన్పిస్తారు. అక్కడ మొదలవుతుంది అసలు విపత్తు.

చివరగా, చావాలనిపిస్తున్నదని చెప్పేవారి విషయం. ఆత్మహత్య మహాపాపమని మనకు తెలుసు. ఆ ఆలోచన పీడిస్తున్నవానికి మనకంటే బాగా తెలుసు. అందుకే నోరు విప్పడు. పైకి చెబితే కాఫిర్ అంటారేమోనని భయపడతాడు. అతని మొదటి మాటకు మన మొదటి జవాబు ఫత్వా అయితే రెండవ మాట రాదు. తుఫైల్ బిన్ అమ్ర్ (ర)తోపాటు మదీనాకు వలస వచ్చిన ఒక వ్యక్తి వ్యాధి బాధ భరించలేక తన చేతులకు తానే హాని చేసుకొని మరణించాడు. తుఫైల్ (ర) అతనిని కలలో మంచి స్థితిలోనే చూశారు, చేతులు మాత్రం కప్పబడి ఉన్నాయి. వలస వచ్చినందుకు ప్రభువు తనను క్షమించాడని, పాడుచేసుకున్న చేతులను మాత్రం బాగుచేయలేదని అతను చెప్పాడు. ఈ సంగతి విన్న ప్రవక్త (స) ఏమి చేశారు? ఆ చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఇది కూడా సహీహ్ ముస్లింలోనే ఉంది. పాపాన్ని పాపమన్న ప్రవక్తే ఆ మనిషి చేతుల కోసం దుఆ చేశారు. కుమారుణ్ణి ఇలా పోగొట్టుకున్న ఇంటికి జనాజాకు వెళ్లకుండా ఉండేవారు ఈ హదీసును ఒకసారి చదవాలి.

చావు ఆలోచన ఉన్నవానిని ఒంటరిగా వదలకండి. చావాలనిపిస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. పోలీసు కేసు భయం వద్దు. 2017 చట్టం ప్రకారం అటువంటి ప్రయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించరాదు, ప్రభుత్వమే సంరక్షణ కల్పించాలి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయకేంద్రం 2022 నుంచి పనిచేస్తున్నది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ అంకెలను మస్జిదు నోటీసు బోర్డుపై, ముఖ్యంగా స్త్రీలు నమాజు చదివే భాగంలో, పెద్ద అక్షరాలతో వ్రాయించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. దేశవ్యాప్తంగా 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వ్యాధిని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఆ లెక్కలో మన వీధులూ ఉన్నాయి.

మరొక ప్రతిపాదన కూడా పెద్దల ముందుంచుతున్నాము. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునికి కబురు పంపి, నెలకొకసారి అసర్ నమాజు తరువాత మదరసా గదిలో కూర్చోవలసిందిగా అడుగుదాము. గదికి రెండు తలుపులుండాలి. వచ్చినవారు ఎవరో వరండాలో కూర్చున్నవారికి తెలియనక్కరలేదు. ఇమాముకు, ముఅజ్జిన్‌కు ఆ వైద్యునితో ఒక పూట కూర్చొని నేర్చుకునే వీలు కల్పించాలి. వైద్యునికి మన ఇళ్ల రివాజులు చెప్పడానికి ఇద్దరు స్త్రీలు, ఒకరు తెలుగు మాట్లాడేవారు, ఒకరు దక్కనీ మాట్లాడేవారు, ముందుకు రావాలి. పేర్లు నమాజు తరువాత కార్యదర్శిగారికి ఇవ్వండి.

ఓ అల్లాహ్! ఈ వరుసల్లో మా భుజానికి భుజం ఆనించి నిలబడి, మాకు చెప్పుకోలేని బాధను మోస్తున్న సోదరునికి ఊరట ప్రసాదించు. తెర వెనుక కూర్చున్న సోదరికి నిద్ర ప్రసాదించు. గదుల్లో దాచబడినవారి తలుపులు తెరిపించు. వారిని చూసుకుంటూ అలసిపోయిన తల్లులకు ఓపికనివ్వు. వైద్యుల చేతికి స్వస్థతనివ్వు. ఏర్వాడిలో గొలుసుల మధ్య ప్రాణాలు విడిచినవారిని మేము మరచిపోకుండా చూడు. ఆమీన్.